తొండి ఎవరిది? తీర్పు ఎవరిది?

"మా వీధిలో పెరుగుకు తోడు అడగడం కూడా మానేశామండీ" అని రాశారు మంగంపేట నుంచి ఒక సోదరి. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

మంగంపేట తెలుసు కదా! పాత కడప జిల్లాలో ఓబులవారిపల్లె దగ్గర ఉన్న ముగ్గురాయి గనుల ఊరు. అంత ముగ్గురాయి ఒకేచోట దొరకడం ప్రపంచంలోనే అరుదు. మామూలు రాయికంటే బాగా బరువు. పొడి కొట్టి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి దేశదేశాలకు పంపుతారు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ గని, ఆ చుట్టుపక్కల పొడి కొట్టే మిల్లులు, లారీలు. మగవాళ్ళు షిఫ్టుల్లో పనికి పోతే ఇంటి దగ్గర పిల్లల తగాదాలు తీర్చేది ఆడవాళ్ళే.

ఆ సోదరి ఇంట్లో తగాదా సెల్‌ఫోన్ ఆటతో వచ్చింది. పదో తరగతి చదివే వాళ్ళబ్బాయి, ఇంకో ముగ్గురు కలిసి ఒక జట్టు. వెనక వీధి పిల్లలది ఇంకో జట్టు. దసరా సెలవుల్లో రెండు జట్లూ పందెం వేసుకున్నాయి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు బిరియానీ పెట్టించాలి. వీళ్ళ జట్టు గెలిచింది. "గోడ వెనకాల దాక్కున్నోళ్ళు వాడికి ఎట్ల కనపడినారు? దొంగ సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాడు" అని అవతలి జట్టు పట్టుబట్టింది. బిరియానీ లేదు. పైగా పాతిక మంది పిల్లలు కూడబలుక్కుని ఒకే రాత్రి ఆ అబ్బాయి మీద కంపెనీకి ఫిర్యాదులు పంపారు. ఇతనేమో కోపం పట్టలేక వాట్సాప్ స్టేటస్‌లో అవతలి అబ్బాయి తండ్రిని గురించి అనరాని మాట పెట్టాడు. ఆ మాట పెద్దల దాకా పోయింది. ఇప్పుడు ఇద్దరు తల్లులూ కొళాయి దగ్గర ఎదురుపడినా మొహాలు తిప్పుకుంటున్నారు. పదిహేనేళ్ళ స్నేహం!

"నా కొడుకు తొండి ఆడినాడో లేదో నాకు ఎట్ల తెలుస్తుంది? ఆ ఆట నాకు అర్థమే కాదు. నేను వాడి పక్కన నిలబడాలా, లేక వాణ్ణి నాలుగు తన్నాలా?" అన్నది ఆమె ప్రశ్న.

అబ్బాయి తొండి ఆడాడో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. చెబితే అదే మొదటి అన్యాయం అవుతుంది. కానీ ఆ తగాదా ఎలా తేల్చాలో చెప్పుకోవచ్చు. ఇది ఒక్క మంగంపేట సంగతి కాదు. ఇంట్లో ఎదిగే పిల్లలున్న ప్రతి తల్లికీ ఏదో ఒకరోజు ఎదురయ్యేదే.

ఫోన్‌లోనే మైదానం

ముందు ఆ ఆట ఏమిటో కాస్త తెలుసుకుందాం. మన పిల్లల నోట వినే "బీజీఎంఐ" అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించాక, 2021 జులైలో దాని స్థానంలో వచ్చింది. 2022 జులైలో అదీ ఆగిపోయి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. మామూలు పోటీలో 100 మంది దాకా ఒక దీవి మీద దిగుతారు. నలుగురేసి జట్లు కట్టవచ్చు. చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచినట్టు. కావాలంటే తెలిసినవాళ్ళే ఒక 'గది' పెట్టుకుని పోటీ పడవచ్చు. మంగంపేట పిల్లలు చేసిందదే.

ఇంకో రకం 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'. ఇది ఫిన్లాండు కంపెనీ 2012లో తెచ్చిన ఆట. ఇందులో ఒక్కో 'క్లాన్'లో 50 మంది వరకు ఉంటారు. వాళ్ళకో నాయకుడు, ఉపనాయకులు, పెద్దలు. 2014 నుంచి క్లాన్‌కీ క్లాన్‌కీ మధ్య 'యుద్ధాలు' కూడా పెట్టారు. ఒకరోజు సన్నాహం, ఒకరోజు పోరు. మనవాడు క్లాన్ నాయకుడైతే ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని పంపేయాలి అన్నది వాడి చేతిలో పని. మీసాలు మొలవని పిల్లాడి చేతిలో 50 మంది! అందులో వాడికంటే పెద్దవాళ్ళూ ఉంటారు, ఉద్యోగస్తులూ ఉంటారు. ఇంట్లో కంచం తీయడానికి బద్ధకించేవాడు అక్కడ పెద్దమనిషి.

కాబట్టి, "ఆఫ్టరాల్ ఆట" అని కొట్టిపారేయకండి. వాళ్ళకది ఆట మాత్రమే కాదు, పరువు కూడా. పరువు ఉన్నచోట తగాదా ఉంటుంది.

ఏది తొండి, ఏది కాదు?

మనం బారాకట్ట ఆడినప్పుడు గవ్వలు వేసి చటుక్కున చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు ఉండేవారు. చెడుగుడులో కూత తెగినా తెగలేదని వాదించేవాళ్ళు ఉండేవారు. వామనగుంటల్లో ఒక చింతపిక్క ఎక్కువ జారవిడిచేవాళ్ళూ ఉండేవారు. దాన్నే తొండి అన్నాం. ఫోన్ ఆటల్లోనూ తొండి అలాంటిదే, రూపం వేరు.

గురి దానంతటదే కుదిరేలా చేసే దొంగ సాఫ్ట్‌వేరు పెట్టుకోవడం తొండి. గోడల వెనక ఉన్నవాళ్ళు కనపడేలా చేసుకోవడం తొండి. ఎదురెదురుగా ఆడాల్సిన రెండు జట్లు రహస్యంగా కలిసిపోయి మూడో జట్టును దెబ్బ తీయడం తొండి. బాగా ఆడే అన్నయ్యకు తన ఖాతా ఇచ్చి తన పేరుతో ఆడించడం కూడా తొండే.

ఇక తొండి కానివి చూడండి. అవతలివాడు రోజూ సాధన చేసి బాగా ఆడటం తొండి కాదు. వాడి ఫోన్ మనవాడి ఫోన్ కంటే మంచిది కావడం అసూయ కలిగించవచ్చు గానీ, అది మోసం కాదు. నెట్ నెమ్మదించి బొమ్మ నిలిచిపోవడం, ఆట మధ్యలో కరెంటు పోవడం ఎవరి తప్పూ కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ ఆటలో గోడ అవతల నడిచేవాళ్ళ అడుగుల చప్పుడు వినిపిస్తుంది. చెవి చురుకైనవాడు ఎక్కడ దాక్కున్నా పసిగడతాడు. చూసేవాళ్ళకు అది మాయలా ఉంటుంది. మంగంపేట అబ్బాయి చెప్పుకున్నదీ ఇదే. నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. రెండూ సాధ్యమే. అందుకే సాక్ష్యం కావాలి.

ఇంకో తొండి గురించి ఎవరూ మాట్లాడరు. అది తొండి ఫిర్యాదు! నేరం చూడకపోయినా, "మనవాళ్ళు చెప్పారు" అని పాతిక మంది కలిసి ఒకడి మీద ఫిర్యాదులు గుప్పించడం. అది ఆటలో మోసానికి ఏమాత్రం తీసిపోదు. పాతిక మంది చెప్పినంత మాత్రాన చూడనిది చూసినట్టు కాదు కదా!

అంపైరే పక్షం కడితే

జట్లు జట్లుగా ఆడే ఆటల్లో ఫిర్యాదు వినేవాడు ఎంత ముఖ్యమో చెప్పే ఉదంతం ఒకటుంది. ఐస్‌లాండు దేశపు కంపెనీ 2003 నుంచి 'ఈవ్ ఆన్‌లైన్' అనే ఆట నడుపుతోంది. అంతరిక్షంలో ఓడలు, వ్యాపారాలు, యుద్ధాలు. వేలమంది సభ్యులతో పెద్ద పెద్ద కూటములు. 2007లో అక్కడ పెద్ద గొడవ అయింది. ఆ కంపెనీ ఉద్యోగే ఒక కూటమిలో చేరి ఆడుతూ, మామూలుగా ఎవరికీ దొరకని ఖరీదైన నమూనాలు కొన్ని అక్రమంగా తన పాత్రకు చేర్చుకున్నాడని బయటపడింది. ఎదుటి కూటముల వాళ్ళు భగ్గుమన్నారు. మ్యాచ్ ఆడేవాడూ అంపైరూ ఒకడే అయితే మండదా మరి!

కంపెనీ ఆ సంగతి ఒప్పుకోక తప్పలేదు. తన ఉద్యోగులు ఎలా ఆడుతున్నారో కనిపెట్టడానికి లోపల ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. 2008లో ఆటగాళ్ళే ఓట్లు వేసి ఎన్నుకునే ఒక మండలిని ఏర్పాటు చేసింది. కష్టనష్టాలు కంపెనీకి చెప్పడం ఆ మండలి పని. ఆట ఇప్పటికీ నడుస్తోంది. గొడవ జరిగినందుకు ఆట చావలేదు. గొడవ వినడానికి ఒక చోటు ఏర్పడింది గనుక బతికింది.

దీనికి తిరగేసిన కథ మన తెలుగునాట ఉండనే ఉంది. 12వ శతాబ్దపు పల్నాడు. మాచర్ల వాళ్ళకూ గురజాల వాళ్ళకూ కోడిపందెం. నాయకురాలు నాగమ్మ పక్షం మోసంతో బ్రహ్మనాయుడి కోడిని ఓడించిందని కథ చెబుతుంది. ఓడినందుకు మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాల్సి వచ్చింది. గడువు తీరాక రాజ్యం తిరిగి దక్కక కారంపూడి యుద్ధం. ఎన్ని ఇళ్ళు కూలాయో, బాలచంద్రుడి తల్లి ఐతాంబ, భార్య మాంచాల ఏమయ్యారో పల్నాటి ఆడవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ కోడిపందెంలో తొండి జరిగిందా లేదా అని రెండు పక్షాలూ నమ్మే ఒక్క మనిషి విచారించి ఉంటే? అలాంటి మనిషి లేడు. ఉన్నవాళ్ళందరూ ఎవరో ఒకరి పక్షమే.

పేరు కనపడకుండా తీర్పు

'కౌంటర్ స్ట్రైక్' అనే ఆట ఒకటుంది. అందులో 2013లో ఒక పద్ధతి పెట్టారు. ఎవరి మీదైనా తొండి ఫిర్యాదు వస్తే, అతను ఆడిన ఆట రికార్డును అనుభవజ్ఞులైన ఇతర ఆటగాళ్ళకు చూపించేవారు. ఆడినవాడి పేరు మాత్రం చూపించేవారు కాదు. 'అనుమానితుడు' అని మాత్రమే ఉండేది. చూసినవాళ్ళు రెండు మాటల్లో ఒకటి చెప్పాల్సి ఉండేది. అనుమానానికి తావులేకుండా తప్పు రుజువైందా, లేక సాక్ష్యం చాలలేదా?

ఇందులో నాకు నచ్చినవి రెండు. పేరు తెలియకపోతే మనవాడా, పగవాడా అన్న ప్రశ్నే రాదు. చేసిన పని ఒక్కటే కనపడుతుంది. రెండోది, "సాక్ష్యం చాలలేదు" అని చెప్పడానికి వీలుండటం. మన ఇళ్ళలో తీర్పులు చూడండి, "నువ్వే చేసుంటావ్" లేదా "మావాడు చచ్చినా చెయ్యడు". ఈ రెండే. మధ్యలో "నాకు తెలియదు, తెలిసేదాకా ఎవరినీ ఏమీ అనను" అన్న మాటకు చోటే ఇవ్వం.

తొండి నిజంగా రుజువైతే ఎవరికి నష్టం అన్నది కూడా చూడాలి. 2018 అక్టోబరులో షాంఘైలో అదే ఆటకు ఆసియా పోటీలు జరిగాయి. మన దేశం నుంచి వెళ్ళిన ఒక జట్టులో ఒక ఆటగాడు పోటీ నడుస్తుండగానే కంప్యూటర్‌లో దొంగ సాఫ్ట్‌వేరుతో దొరికిపోయాడు. జట్టునే పోటీ నుంచి తీసేశారు. జట్టు పెట్టిన విదేశీ సంస్థ ఆ జట్టును రద్దు చేసేసింది. అతనికి ఐదేళ్ళ నిషేధం పడింది. మిగిలిన నలుగురి గతి ఆలోచించండి. వాళ్ళకు తెలియకుండా జరిగిన పనికి వాళ్ళ ఉపాధి కూడా పోయింది. "మనవాణ్ణి కాపాడుకోవాలి" అని కళ్ళు మూసుకునే ప్రతి జట్టూ ఈ నలుగురినీ తలచుకోవాలి. దొంగ సరుకు మన ఇంట్లో ఉంటే మొదట కాలేది మన ఇల్లే.

మనకు తెలిసిన మాటే

వర్గాలు, కక్షలు అంటే సీమ ఆడవాళ్ళకు ఒకరు వివరించాల్సిన పని లేదు. సినిమాల్లో ఫ్యాక్షన్ అంటే సుమోలు, వేటకొడవళ్ళు, తొడగొట్టడాలు. ఆ సినిమాలు చూసి సీమ వాళ్ళంతా అంతే అనుకునేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది కూడా. కానీ కక్షల్లో ఇంటివాణ్ణి పోగొట్టుకున్న ఆడది ఎలా బతికిందో ఆ సినిమాల్లో ఎక్కడా కనపడదు. అది పల్లెల్లో మన పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. మొదలు ఎక్కడ అంటే గట్టు తగాదా అంటారు, నీళ్ళ వంతు అంటారు, పెళ్ళిలో ఎవరో అన్న మాట అంటారు. చిన్నవే!

ఆ చిన్నవి పెద్దవి కావడానికి కారణం ఒకటే. తప్పు చేసినవాడు ఒకడైతే, కోపం వాడి ఇంటి మీదికీ, వీధి మీదికీ, కులం మీదికీ పోతుంది. "వాడు తొండి ఆడాడు" అన్నంత వరకు అది ఫిర్యాదు. "వాళ్ళంతా అంతే" అన్నామా, అది కక్ష అయిపోతుంది. పిల్లల ఫోన్ ఆటకూ, కక్షలకూ పోలికేమిటి అనకండి. ఆట చిన్నదే. అలవాటు మాత్రం పెద్దది. పదిహేనేళ్ళప్పుడు ఆటలో నేర్చుకున్న పద్ధతే ముప్ఫయ్యేళ్ళప్పుడు పొలం గట్టు మీదికి వస్తుంది.

ఫిర్యాదుకో పద్ధతి

ఆట రాకపోయినా తల్లి నేర్పగలిగిన పద్ధతులు ఇవి.

1. అదే రాత్రి వద్దు. ఓడిన వేడిలో రాసిన ఫిర్యాదులో సగం తిట్లే ఉంటాయి. ఫోన్‌లో ఆట రికార్డు చేసుకునే వీలుంటుంది, అది దాచమనండి. అన్నం తిని పడుకుని, పొద్దున్నే లేచాక కూడా అది తొండే అనిపిస్తే అప్పుడు రాయమనండి.

2. పని గురించే రాయాలి, మనిషి గురించి కాదు. ఏ రోజు, ఏ ఆట, ఎన్ని గంటలకు, ఏం జరిగింది. అంతే. తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటి రంగు ఏవీ అందులోకి రాకూడదు.

3. చూసినవాడు ఒక్కడే ఒక్కసారి ఫిర్యాదు చేయాలి. ఇలాంటి ఆటల్లో అందుకోసం 'రిపోర్ట్' బటన్ ఉంటుంది. చూడనివాళ్ళు దాన్ని నొక్కకూడదు. "నువ్వు చూశావా?" అన్న ఒక్క ప్రశ్నతో పాతికలో ఇరవై వేళ్ళు వెనక్కి పోతాయి.

4. మనవాణ్ణి మనమే ముందు అడగాలి. అవతలివాళ్ళు వేలు చూపించినప్పుడు ఆ జట్టు నాయకుడు చేయాల్సిన మొదటి పని తనవాడి ఫోన్ తెరిపించి చూడటం. ఏమీ లేకపోతే ధైర్యంగా మాట్లాడవచ్చు. ఉంటే, పరులు పట్టుకునే లోపు మనమే చెప్పడం మర్యాద.

5. రెండు పక్షాలకూ చెందనివాడు వినాలి. వీధిలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడో, కాలేజీలో చదివే అక్కో ఎవరైనా సరే. రికార్డు చూపించి ఇద్దరి మాటా వినిపించాలి. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవాళ్ళు నోరు మెదపకూడదు.

6. శిక్షకు కొలత ఉండాలి, గడువు ఉండాలి. తప్పు చేసిన ఒక్కడికే, ఇన్ని వారాలు జట్టులో ఆడకూడదని. గడువు అయ్యాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. గడువు లేని శిక్ష కక్షే. ఫిర్యాదు తప్పని తేలితే, చేసినవాడు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. అది కూడా నియమమే.

కంపెనీ పొరపాటున ఖాతా మూసేస్తే? దానికీ దారి ఉంది. మన దేశంలో 2021 ఐటీ నియమాల కిందికి వచ్చే సంస్థలు ఫిర్యాదులు చూసే అధికారిని నియమించుకోవాలి. ఆ అధికారి వివరాలు అందరికీ కనపడేలా పెట్టాలి. ఫిర్యాదు అందాక 24 గంటల్లోగా అందినట్టు చెప్పాలి. ఆ అధికారి నిర్ణయం నచ్చకపోతే, 2023 జనవరిలో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీలకు 30 రోజుల్లోపు రాసుకోవచ్చు. అంటే తీర్పు మీద తీర్పు అడిగే హక్కు ఉందన్నమాట. కేకలు వేయడం కంటే ఒక కాగితం రాయడం మేలని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

మంగంపేట సోదరికి నేను చెప్పేది కూడా ఇదే. మీవాడి పక్కనా నిలబడకండి, వాణ్ణి తన్నకండి. పద్ధతి పక్కన నిలబడండి. వాట్సాప్‌లో తండ్రిని అన్న మాట వేరు, ఆట వేరు. ఆ మాటకు సాక్ష్యం వెతకనక్కర్లేదు, అది కళ్ళముందే ఉంది. ఆట సంగతి తేలేదాకా ఆగకుండా, దానికి మీ అబ్బాయి చేత ఆ ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పించండి. మీరు వెంట వెళ్ళండి. "వాళ్ళు ముందు పాతిక ఫిర్యాదులు పెట్టారు కదా" అని వాడంటాడు. "దాని లెక్క దానిది, దీని లెక్క దీనిది" అనండి. ఆ తర్వాత రికార్డుంటే పరాయివాళ్ళెవరికైనా చూపించండి. రికార్డు లేకపోతే సాక్ష్యం చాలనట్టే, అక్కడితో వదిలేయాలి. మళ్ళీ ఆడించండి. ఈసారి రెండు జట్లనూ చెరిసగం కలిపేయండి. ఇద్దరు ఇటువాళ్ళు, ఇద్దరు అటువాళ్ళు. బిరియానీ మాత్రం పందెంగా వద్దు. రెండిళ్ళవాళ్ళూ బియ్యం, మసాలా పంచుకుని వండితే సరి.

ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే

ఆడపిల్లలు ఈ ఆటలు ఆడరనుకోకండి. ఆడుతున్నారు, బాగా ఆడుతున్నారు. ఇలాంటి చాలా ఆటల్లో మైకులో మాట్లాడుకుంటూ ఆడతారు. గొంతు విని ఆడపిల్ల అని తెలియగానే వెకిలి మాటలు మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఆ పిల్ల ఏడుపు మొహంతో వచ్చి చెప్పిందనుకోండి, మనం చేసే మొదటి పని ఏమిటి? "అందుకే వద్దన్నాను" అని ఫోన్ లాక్కోవడం!

ఒక్కసారి ఆలోచించండి. కూసినవాడు హాయిగా ఆడుకుంటూనే ఉన్నాడు. ఫిర్యాదు చేసినదానికి శిక్ష పడింది. రేపు ఇంతకంటే పెద్దది జరిగినా ఆ పిల్ల మన దగ్గరికి రాదు. ఆటలోనే కాదు, బస్సులో జరిగినా, కాలేజీలో జరిగినా రాదు. ముందు వినండి. స్క్రీన్‌షాట్ తీయించండి. ఆ మనిషిని మ్యూట్, బ్లాక్ చేయించి రిపోర్ట్ నొక్కించండి. బెదిరింపు గానీ, ఫోటోలు అడగడం గానీ ఉంటే సైబర్ నేరాల నంబరు 1930, పిల్లల సహాయానికి 1098 ఉన్నాయి. సంకోచించకండి.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఒక్క విషయం విడిగా చెప్పాలి. ఇంతవరకు చెప్పినవి జట్టు కట్టి ఆడే ఆటలు. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలు వేరు. రమ్మీ, పేకాటల్లాంటి ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. పందెం డబ్బు ఆటలు నడపడం అందులో నేరం. ఈ-స్పోర్ట్స్ అనే పోటీ ఆటలను మాత్రం అది గుర్తించింది.

పోటీ ఆటల్లోనూ బట్టలు, ఆయుధాల బొమ్మలు అమ్ముతారు. 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏళ్ళలోపు వాళ్ళకు రోజుకు 3 గంటల ఆట, 7,000 రూపాయల ఖర్చు పరిమితి పెట్టారు. రోజుకు 7,000! మన ఇళ్ళలో అది పరిమితి కాదు, నెల సరుకుల పద్దు. ఇంటి పరిమితి ఇంట్లోనే పెట్టుకోవాలి.

ఖాతా మూసేసినప్పుడు, "నేను కంపెనీ మనిషిని, రెండు వేలు పంపితే తెరిపిస్తా" అని మెసేజ్‌లు పెట్టే మోసగాళ్ళు ఉంటారు. డబ్బు గానీ, ఓటీపీ గానీ ఎవరికీ ఇవ్వకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. పిల్లాడు దిగులుతో ఉన్నప్పుడే అలాంటివాళ్ళు పట్టుకుంటారు.

గుర్తుంచుకోండి: అమ్మ అడగాల్సిన ప్రశ్నలు

— ఏం జరిగింది? తిట్లు లేకుండా చెప్పు.
— నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?
— రికార్డు ఉందా?
— నెట్ నెమ్మదిగా ఉండటం వల్ల అయ్యుండొచ్చా?
— అవతలివాళ్ళు ఏమంటున్నారు? వాళ్ళ మాటే వాళ్ళ మాటల్లో చెప్పు.
— ఇదే పని మనవాడు చేస్తే ఏమనేవాడివి?

ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే గట్టిది. పిల్లలు దానికి వెంటనే జవాబు చెప్పలేరు. తడుముకుంటారు, నేల చూపులు చూస్తారు. తొందరపెట్టకండి. కూర తరుగుతూనో, బట్టలు మడత పెడుతూనో అడిగి ఊరుకోండి. జవాబు మర్నాటికి వస్తుంది.

అత్తగారింట్లో ఒక కొలత, పుట్టింట్లో ఒక కొలత అయితే ఎంత నొప్పో మనకు తెలుసు. కూతురు చేస్తే అలసట, కోడలు చేస్తే బద్ధకం అన్న మాటలు పడ్డవాళ్ళమే మనం. ఒకే తప్పుకు ఒకే కొలత ఉండాలన్నది మనం పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. అందుకే ఆ ఆట ఓనమాలు తెలియకపోయినా, దానికి న్యాయం చెప్పే అర్హత మీకు లేదని మాత్రం అనుకోకండి.

మీ ఇళ్ళలో పిల్లల తగాదాలు ఎలా తీర్చారో రాయండి. ముఖ్యంగా అవతలి ఇంటి గడప ముందు తొక్కింది ఎవరో తప్పక రాయండి.